తొందరపడని కాళ్లు

హైదరాబాద్‌లో లాడ్ బజార్ దాటి పడమటికి నడిస్తే హుస్సేనీ ఆలం. సాయంత్రం అక్కడి గల్లీల్లో పిల్లలు బంతి ఆడుతుంటే కాసేపు నిలబడి చూడండి. కింద గట్టి నేల, పక్కనే గోడ. ఇక్కడ స్లైడింగ్ ట్యాకిల్‌కి దిగితే మోకాలు చెక్కుకుపోతుంది. అందుకే బంతికి అడ్డం వచ్చిన పిల్లాడు నేల మీద పడడు. ఒక భుజం ముందుకు పెట్టి, మునివేళ్ల మీద బరువు వేసి, వెనక్కి వెనక్కి జరుగుతాడు. చూపు బంతి మీదే. అది అవతలివాడి కాలి నుంచి జానెడు దూరం జరిగిందో, టక్కున పాదం అడ్డం పెడతాడు.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది ఈ ఓపికే అని నా నమ్మకం. దాన్ని చదువులా నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరికీ రహీమ్ సాబ్. వృత్తికి బడిపంతులు. ఆయన డ్రిబ్లింగ్ లేకుండా పోటీలు పెట్టించారు. బంతి అందిన వెంటనే పాస్ ఇచ్చేయాలి. వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలూ పెట్టించారు. ఇవి ఫార్వర్డ్‌ల కోసమని అనుకుంటాం గానీ, బ్యాక్‌లకే ఎక్కువ మేలు చేసి ఉంటాయి. ఎదుటివాడు బంతిని కాళ్ల దగ్గర ఉంచుకోనప్పుడు లాక్కునేందుకు ఏముంటుంది? పాస్ ఎటు పోతుందో ముందే పసిగట్టి ఆ దారిలో నిలబడాలి. ఇక రెండు కాళ్లూ ఆడే బ్యాక్‌ను ఏ పక్క నుంచి దాటాలో ఫార్వర్డ్‌కు పాలుపోదు.

ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

దెబ్బలూ తగిలాయి. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. బూటు కాలికి ఎదురుగా ఉత్త పాదం పెట్టి ట్యాకిల్ చేయడం ఎంత కష్టమో ఊహించండి! ఆ జట్టులో ఉన్న హైదరాబాదీలు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ 1956లో మెల్‌బోర్న్‌కూ వెళ్లారు. అక్కడ మనది నాలుగో స్థానం. కోచ్ రహీమ్ సాబే.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. గోల్ దగ్గర హైదరాబాద్‌వాడే అయిన పీటర్ తంగరాజ్. తలకు గాయమైన స్టాపర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ ముందుకు పంపి ఆడించారు. ఆ ఫైనల్లో ఒక గోల్ అతనిదే. మరుసటి ఏడాది జూన్ 11న రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. హైదరాబాదీ, అందులోనూ డిఫెండర్. ఆ ఏడాదే అర్జున, తర్వాత 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మరో పతకం రాలేదు. అది మళ్లీ రావాలంటే, హుస్సేనీ ఆలం గల్లీల్లో ఓపిగ్గా వెనక్కి జరిగే ఆ పిల్లలకు ఒక మైదానం ఇవ్వండి. గోల్ కొట్టడంతో పాటు బంతిని గెలుచుకోవడం కూడా నేర్పే కోచ్‌ని ఇవ్వండి.