పగడాల గట్టు – ఒక అభ్యంతర పత్రం

ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వెంట సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున పగడాల గట్లు బారులు తీరి ఉన్నాయి. మనం భూగోళ పాఠాల్లో ప్రవాళ భిత్తిక అని చదువుకున్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఇదే. దీన్ని చూడటానికి ఏటా లక్షల మంది వస్తారు. వారిలో చాలామంది వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగుతారు. ఈ స్కూబా పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు రూపొందించారు.

మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, కెయిర్న్స్, టౌన్స్‌విల్ నగరాల నడుమ ఉన్న మిషన్ బీచ్ అనే చిన్న ఊళ్ళో నాలుగు రోజులున్నాం. మనవడు పడవెక్కి వెళ్ళి సముద్రంలో మునిగి వచ్చాడు. నేను ఒడ్డునే కూర్చుని ఆ తీరం చరిత్ర చదివాను. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మన సభ్యులకు అది చెప్పి తీరాలనిపించింది.

1967లో ఒక చెరకు రైతు ఆ తీరానికి ఎదురుగా ఉన్న ఎలిసన్ రీఫ్‌ను తవ్వి, పొలాలకు సున్నపురాయి తీసుకుంటానని దరఖాస్తు పెట్టాడు. ఆ గట్టు ఎలాగూ చచ్చిపోయిందని వాదన. మిషన్ బీచ్ పక్కనే ఉన్న బింగిల్ బేలో జాన్ బుస్ట్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆనాటి ప్రధాని హెరాల్డ్ హోల్ట్ అతనికి మిత్రుడు. అయినా ఆయన పద్ధతి ప్రకారం అభ్యంతరం దాఖలు చేశాడు. కవయిత్రి జూడిత్ రైట్, అటవీ శాస్త్రవేత్త లెన్ వెబ్ అతనికి తోడు నిలిచారు.

అభ్యంతరం ఉంటే చాలదు, సాక్ష్యం కావాలి కదా! బ్రిస్బేన్ నుంచి ఈత నేర్చిన యువకులు, విద్యార్థులు వచ్చి ఆ గట్టు దగ్గర మునిగి, కనిపించిన జీవరాశులన్నీ లెక్క రాసుకున్నారు. పగడాలు చచ్చిన చోట కూడా చేపలు, నత్తలు కాపురముంటాయి. పాత పగడపు ఎముక మీదే కొత్త పగడం పుడుతుంది. ఇన్నిస్‌ఫెయిల్ పట్టణంలో విచారణ జరిగింది. చివరికి దరఖాస్తు తిరస్కరించారు.

తరువాత చమురు గండం వచ్చింది. గట్టులో చాలా భాగాన్ని చమురు అన్వేషణకు లీజుకిచ్చారు. 1970లో కార్మిక సంఘాలు ఆ తవ్వకానికి మేము పనిచేయమని తెగేసి చెప్పాయి. సంఘం బలమేమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆపైన విచారణ సంఘాలు కూర్చున్నాయి. 1975లో మెరైన్ పార్కు చట్టం వచ్చింది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బుస్ట్ మాత్రం 1971లోనే కన్నుమూశాడు. తన అభ్యంతర పత్రం ఎంత దూరం వెళ్ళిందో చూడలేదు. నేడు అక్కడ పడవలు నడిపేవారి జీవనం, సెలవులకు వచ్చేవారి సంతోషం ఆ పోరాటం పెట్టిన భిక్షే.

పిల్లల దగ్గరికి వెళ్ళే సభ్యులకు ఒక మాట. ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అందుకే ఊపిరి బిగబట్టకుండా, మెల్లగా పైకి రావాలి. వచ్చిన వెంటనే విమానం ఎక్కకూడదు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు పడవవారి దగ్గర దాచవద్దు. ముందుగా వైద్యుని అడగండి.

ఇప్పుడు గట్టుకు వచ్చిన ముప్పు వేరు. సముద్రం వేడెక్కితే పగడం తనకు తిండి పెట్టే నాచును వదిలేసి తెల్లబారుతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో ఇలా పెద్దఎత్తున జరిగింది. సున్నపురాయి దరఖాస్తుకు ఎదురు దరఖాస్తు పెట్టడానికి ఒక కార్యాలయం ఉండేది. ఈ వేడిమి మీద అభ్యంతరం ఎక్కడ దాఖలు చేయాలి? దానికి జవాబు మన మనవలు వెతకాలి. అభ్యంతరం చెప్పే అలవాటైనా మనం వారికి నేర్పి వెళదాం.