జొన్నాడ నుండి రాజమండ్రి: కొండల నడక, రచయితల గృహాల సందర్శన

జొన్నాడ, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా ఆలమూరు మండలానికి చెందిన గ్రామము. గౌతమీ గోదావరి తూర్పు గట్టున, జాతీయ రహదారి మీద ఉన్నది. వంతెన దాటితే రావులపాలెం. కోనసీమ అంతయూ గోదావరి ఒండ్రుతో ఏర్పడిన పల్లపు నేల కావడంతో ఇక్కడ కొండలు లేవు. కొండ నడకతో పాటు పాత రచయితల ఇళ్ళు, ఊళ్ళు చూడదలచినవారు జొన్నాడ నుండి నది ఎగువకు రాజమండ్రి (2015 నుండి అధికారికంగా రాజమహేంద్రవరం) వైపు వెళ్ళవలసి ఉంటుంది. దూరము 30 కి.మీ. లోపే. ఈ దారిలోనివి చిన్న కొండలు, మెట్టలు మాత్రమే. అలవాటు లేనివారు కూడా ఎక్కగలరు.

కడియం

పూలతోటలకు, నర్సరీలకు పేరుపొందిన కడియం, తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జన్మస్థలము (1870). ఆయన, దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా చేసిన అవధానాలు తెలుగునాట ఆ కళకు విశేష ప్రచారము తెచ్చాయి. 1949లో వేంకటశాస్త్రి మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యాడు. నర్సరీలు చూడడానికి వచ్చేవారిలో ఈ సంగతి ఎరిగినవారు తక్కువ.

ధవళగిరి

ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. జొన్నాడ పక్కన పారే గౌతమికి ఇదే మొదలు. ఊరిలోని ధవళగిరిపై జనార్దనస్వామి ఆలయము కలదు. సర్ ఆర్థర్ కాటన్ 1847-1852 మధ్య కట్టించిన ఆనకట్టకు కావలసిన రాయిని ధవళేశ్వరం కొండల నుండే తవ్వి తీశారు. కోనసీమ కాలువలకు నీరందించినది ఈ ఆనకట్టే కనుక, కొండలు లేని ఆ సీమ పచ్చదనానికి ఇక్కడి కొండరాయి ఒక కారణమని చెప్పవచ్చు. నిర్మాణానికి వాడిన యంత్రాలు, చిత్రపటాలు సమీపంలోని కాటన్ మ్యూజియంలో ఉన్నాయి.

కందుకూరి వీరేశలింగం ఈ ఊరిలో ఉపాధ్యాయుడిగా ఉండగా 1874లో బాలికల పాఠశాల స్థాపించాడు. అదే సంవత్సరము 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించాడు.

కందుకూరి గృహము

ఈ యాత్రలో తప్పక చూడవలసినది రాజమండ్రిలోని వీరేశలింగం ఇల్లు. 1848 ఏప్రిల్ 16న ఆయన పుట్టినది ఇక్కడే. ఇల్లు ప్రస్తుతం పురావస్తు శాఖ సంరక్షణలో ప్రదర్శనశాలగా ఉన్నది. చాలామంది 'రాజశేఖర చరిత్రము' రచయిత ఇల్లుగా దీనిని చూసి వెళ్తారు. అయితే ఈ ఇంటి ప్రాముఖ్యము 1881 డిసెంబరు 11న జరిగిన పెళ్ళి వలన వచ్చినది. వితంతువైన గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో వీరేశలింగం ఆ రోజు జరిపించినది ఆంధ్రదేశంలో తొలి వితంతు పునర్వివాహముగా ప్రసిద్ధి పొందినది. ఊరివారు వెలివేశారు. వంటవారు, నీళ్ళు మోసేవారు రావడం మానుకోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మి స్వయంగా గోదావరి నుండి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసినది. ఇంటి నుండి రేవు వరకు నడిచి చూస్తే ఆ బిందెల బరువు కొంత తెలుస్తుంది. ఈ సంస్కరణలో ఆమె పాత్రను పాఠ్యపుస్తకాలు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం సముచితముగా లేదు. దంపతుల స్మారకాలు ఊరిలోని ఆనందోద్యానవనంలో ఉన్నాయి. వీరేశలింగం 1890లో కట్టించిన టౌన్‌హాలు కూడా చూడదగినది.

ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబాల లోపలి జీవితము తెలియాలంటే పొలమూరులో 1891లో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ముందుగా చదివి వెళ్ళడం మంచిది. ఆయన 1961లో రాజమండ్రిలో మరణించాడు.

సారంగధర మెట్ట

రాజమండ్రిలోని ఈ మెట్ట మీద రాజరాజ నరేంద్రుని కుమారుడు సారంగధరుని కాలుసేతులు నరికించారని జనశ్రుతి. ఇది కథే తప్ప చరిత్ర కాదు. రాజరాజు తరువాత ప్రసిద్ధుడైన కొడుకు కులోత్తుంగ చోళుడు. అయినా కవులు ఈ కథను వదలలేదు. చేమకూర వేంకటకవి కావ్యముగా వ్రాయగా, గురజాడ అప్పారావు 1883లో ఇంగ్లీషులో పద్యకావ్యము వ్రాశాడు.

కోరుకొండ

రాజమండ్రికి ఉత్తరాన ఉన్న కోరుకొండ ఈ దారిలో అసలైన ఎక్కుడు. 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుడు ఇక్కడి నుండి పాలించాడు. కొండపైన లక్ష్మీనరసింహస్వామి ఆలయము ఉన్నది. మెట్లు నిటారుగా ఉంటాయి కనుక తెల్లవారుజామునే ఎక్కడం మేలు. ఫాల్గుణ మాసపు తిరునాళ్ళలో రద్దీ ఎక్కువ. ఎండాకాలము ఈ ప్రాంతంలో నడకకు అనుకూలము కాదు. కార్తీకము నుండి మాఘము వరకు తగిన సమయము.

ఇంకా ఎగువన ఉన్న పాపికొండలకు ఎక్కువమంది పడవ మీదనే వెళ్తారు. ఆ ప్రాంతాన్ని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అడవిలో నడవదలచినవారు ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో మరణించారు. వరద రోజులలో పడవ ప్రయాణము మానుకోవాలి. మిగిలిన రోజులలో కూడా లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కరాదు.