చెక్క దువ్వెన (ప్రేమ కానుక)

చెక్క దువ్వెన మధ్య భారత గిరిజన యువకులు మనసుకు నచ్చిన అమ్మాయి కోసం స్వయంగా చెక్కి ఇచ్చే కానుక. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు మురియా గోండులు, ఒడిశాలోని కియోంఝర్ కొండల జువాంగులు ఈ కళకు పేరుపొందారు. తల దువ్వుకోవడానికే కాక, కొప్పులో నగలా తురుముకోవడానికీ ఇది పనికివస్తుంది.

మురియాల సంప్రదాయం

మురియాల గోండీ తెలుగుకు దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. వీరి పల్లెల్లో పెళ్లికాని యువతీయువకులు రాత్రిళ్లు ఘోటుల్ అనే ఉమ్మడి ఇంట్లో గడిపేవారు. యువకుణ్ణి చెలిక్ అనీ, యువతిని మోటియారి అనీ పిలుస్తారు. ఘోటుల్‌ను నెలకొల్పినవాడు లింగో దేవుడని వీరి నమ్మకం.

చెలిక్ చెక్కను దువ్వెనగా మలిచి, పళ్లకు పైనున్న భాగం మీద త్రికోణాలు, వంకర గీతలు చెక్కి, నచ్చిన మోటియారికి ఇచ్చేవాడు. ఘోటుల్‌లో మోటియారి దువ్వెనతో చెలిక్ తల దువ్వేది. వీపు మీద, చేతుల మీద దాన్ని మెల్లగా నడిపి సేదదీర్చేది. ఆడపిల్లలు ఒక్కోసారి కొప్పులో అనేక దువ్వెనలు ధరించేవారు. నలుగురిలో తలమీద పెట్టుకునే కానుక గనుక ఇచ్చినవాడి పనితనం, పుచ్చుకున్నామె ఇష్టం రెండూ ఊరందరికీ తెలిసేవి.

జువాంగులు

కియోంఝర్ జువాంగుల భాష ముండా శాఖకు చెందినది. అది సంతాలీ, హో భాషలకు బంధువు. మురియాల ఘోటుల్ వంటి యువజన గృహం వీరికీ ఉంది, దాన్ని మజాంగ్ అంటారు. జువాంగు యువకులు కూడా దువ్వెనలు చెక్కి అమ్మాయిలకు ఇచ్చేవారు.

అధ్యయనం

ఈ కళను విస్తారంగా నమోదు చేసినవాడు మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ (1902–1964). ఘోటుల్ జీవితాన్ని ఆయన 1947లో వెలువడిన ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’లో వివరించాడు. 1951 నాటి ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’లో గిరిజనుల అలంకార వస్తువులను, వాటి నమూనాలను పరిచయం చేశాడు.

ఇతర దేశాల్లో పోలికలు

బ్రిటన్‌లోని వేల్స్‌లో యువకులు ప్రియురాలి కోసం అలంకృత చెక్క చెంచాలు చెక్కేవారు. ఒకే చెక్కలోంచి తొలిచిన గొలుసులు, హృదయాకారాలు వాటి ప్రత్యేకత. కార్డిఫ్ దగ్గరి సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో 1667 నాటి చెంచా ఉంది. అక్కడ చెంచా, ఇక్కడ దువ్వెన: రెండూ రోజూ చేతికి తగిలే వస్తువులే. వాటి మీద అవసరానికి మించి వెచ్చించిన పనితనమే ప్రేమకు గుర్తు.

ప్రస్తుత స్థితి

చదువులు, వలసలు, బయటి సమాజపు విమర్శలు, బస్తర్‌లో దశాబ్దాల సాయుధ ఘర్షణ వల్ల ఘోటుళ్లు తగ్గాయి. సంతల్లోకి చవక ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చాయి. వాటితో తల దువ్వుకోవచ్చు గానీ, ఒకరి కోసం మరొకరు కూర్చుని చెక్కిన గంటలు వాటిలో ఉండవు.