ఇంటిపేరులో ఊరు: ఆర్మూర్ ప్రాంతంలో పూర్వీకుల జాడ

తెలుగువారి ఇంటిపేర్లలో పెద్ద వాటా ఊరిపేర్లదే. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల ఇలాంటి ఇంటిపేరుకు అదనపు అవసరం కూడా ఉంది. గంగ అని పిలిచే గోదావరి పక్కనే పారుతుంది కనుక ఇక్కడ గంగారాం, గంగారెడ్డి, గంగాధర్, గంగన్న లేని వాడకట్టు ఉండదు. భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్టమీద నరసింహస్వామి ఉన్నాడు కనుక లింబాద్రులు, నర్సయ్యలు కూడా ఎక్కువే. ఒకే పేరు పదిమందికి ఉంటే మనిషిని గుర్తుపట్టడానికి ఇంటిపేరు, ఊరు కావాలి. పసుపు అమ్మిన రైతుకు మార్కెట్‌లో తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) రాసే గుమాస్తా అయినా, సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దమనిషి అయినా మొదట అడిగేది “ఏ గంగారెడ్డి?” అనే.

ఊరిపేరును ఇంటిపేరుగా చెప్పుకోవడం పాత అలవాటు. 1213లో రామప్ప గుడి కట్టించిన కాకతీయ సేనాని రుద్రుడిది రేచర్ల వంశం. 15వ శతాబ్దిలో భాగవతం తెనిగించిన పోతన ఇంటిపేరు బమ్మెర, పాలకుర్తి దగ్గరి ఊరు. రాజులు, సేనానులు, కవుల పేర్లు శాసనాల్లో, కావ్యాల్లో నిలిచాయి. దున్నేవాడి పేరు, నేసేవాడి పేరు అలా రాతికెక్కలేదు. వారి ఇంటిపేర్లు శతాబ్దాల పాటు నోటిమాటగానే నడిచాయి.

పూర్వీకులను వెతికేవారు మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇంటిపేరులోని ఊరు సాధారణంగా కుటుంబం విడిచి వచ్చిన ఊరు. ఆర్మూర్ దగ్గరి బాల్కొండలో ఉన్నంతకాలం ఎవరినీ బాల్కొండ వారు అనరు, అక్కడ అందరూ బాల్కొండ వారే. ఆ కుటుంబం వేరే ఊరికి చేరాక, కొత్త ఊరివాళ్లు పాత ఊరి గుర్తు తగిలించి పిలుస్తారు. కరువుకో, కూలికో, ఇల్లరికానికో, కొత్తగా సాగులోకి వచ్చిన భూమికో వలస వచ్చిన సంగతి ఆ పేరులో నిలిచిపోతుంది. ఇంగ్లండ్‌లోనూ లింకన్, న్యూటన్ లాంటి ఇంటిపేర్లు ఇలా ఊళ్ల నుంచి వచ్చినవే.

అయితే పేరొక్కటే పట్టుకుని పరుగెత్తితే దారి తప్పుతుంది. వేల్పూర్ ఆర్మూర్‌కు దగ్గరి ఊరు. వేల్పూరు అనే ఊరు పశ్చిమ గోదావరిలో తణుకు దగ్గరా ఉంది, పల్నాడులోనూ ఉంది. వేల్పూరి వారందరికీ మూలం ఒకే ఊరు అనడానికి వీల్లేదు, వారంతా దాయాదులు అనడానికి అసలే వీల్లేదు. దత్తత పోయినవాడికి దత్తు తీసుకున్న ఇంటిపేరు వస్తుంది. ఇల్లరికపు అల్లుడి పిల్లలకు కొన్నిచోట్ల తల్లి పుట్టింటి పేరే నిలుస్తుంది. మరాఠీ సీమ ఆనుకుని ఉన్నందువల్ల దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, కులకర్ణి లాంటి హోదా పేర్లు ఇంటిపేర్ల స్థానంలోకి వచ్చి, పాత ఇంటిపేర్లను మరుగున పడేశాయి. చెట్టు, పుట్ట, వృత్తి, ఇల్లున్న దిక్కు మీద వచ్చిన పేర్లలో ఊరి జాడ ఉండనే ఉండదు.

ఇంగ్లండ్ పల్లెలో ఈ వెతుకులాటకు చర్చి రిజిస్టరు ఆధారం. ప్రతి బాప్తిస్మం, పెళ్లి, ఖననం రాసి ఉంచాలని 1538లో థామస్ క్రామ్వెల్ ఆదేశించాడు. 1837లో జనన మరణాల ప్రభుత్వ నమోదు మొదలైంది. 1841 జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు దొరుకుతాయి. ఆర్మూర్ ప్రాంతం అప్పట్లో ఉన్న హైదరాబాద్ రాజ్యంలో జనాభా లెక్కలు 1881లో మొదలైనా, సామాన్యుడి ఇంటి మనుషుల పేర్లు వెతుక్కోవడానికి అవి పనికిరావు. 1948 చట్టం ప్రకారం స్వతంత్ర భారత జనగణనలో ఇచ్చిన వ్యక్తిగత వివరాలు రహస్యం.

ఇక్కడ చర్చి రిజిస్టరు పని కొంతవరకు ఆశ్రిత కులాలు, అంటే ఒక్కో కులాన్ని ఆశ్రయించి బతికే కులాలు, చేశాయి. రెడ్లు, కాపుల గోత్రాలు, ఇంటిపేర్లు, తరాల వరుస పాడి చెప్పేవారు పిచ్చుకుంట్లవారు. ఇప్పుడు వారిని వంశరాజ్ అంటున్నారు. దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో కూడా వారి ప్రస్తావన ఉంది. పద్మశాలీలకు కూనపులివారు, యాదవులకు మందెచ్చులవారు, గౌడులకు గౌడజెట్టివారు కులపురాణం వినిపిస్తారు. కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు బొమ్మల పటాన్ని పైనుంచి కిందికి విప్పుకుంటూ, ఒక్కో గడిని కర్రతో చూపిస్తూ కథ నడుపుతారు. కథలోని ఋషుల దగ్గర చరిత్ర వెతకకూడదు. త్యాగం (తమకు దక్కాల్సిన సంభావన) అడగడానికి వచ్చిన ఊళ్లు, ఇచ్చిన ఇళ్లు, ఆ ఇంటి పెద్దల పేర్లు మాత్రం ఒకటి రెండు తరాల వరకు నమ్మదగినవి, ఎందుకంటే వాటిమీదే వారి బతుకు ఆధారపడింది. ఒకే ఇంటిపేరు గల ఒకే కులం వారి మధ్య పెళ్లి కుదరదు కనుక ఇంట్లోని ముసలివాళ్లకు కూడా ఎవరు దాయాదులు, ఎవరు వియ్యానికి పనికివస్తారు అన్న లెక్క కచ్చితంగా ఉంటుంది. ఆడపడుచులు ఏ ఊళ్లకు వెళ్లారో చెప్పగలిగేది కూడా వాళ్లే.

కాగితం మీద ఆధారం భూమి రికార్డుల్లో ఉంది. నిజాం ప్రధాని సాలార్‌జంగ్ కాలపు సంస్కరణల తర్వాత సర్వే సెటిల్‌మెంట్ జరిగిన ఊళ్లకు సేత్వార్ (సర్వే తర్వాతి మొదటి భూమి రిజిస్టరు) తయారైంది. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు ఉంటాయి. పాత రికార్డులు చాలా చోట్ల ఉర్దూలో ఉంటాయి. వాటిలో ఇంటిపేరు కనబడకపోతే నిరాశపడనక్కర్లేదు. “రాజన్న వల్ద్ లింగన్న” అని ఉంటుంది, అంటే లింగన్న కొడుకు రాజన్న. 1954లో పెద్దవాడైన రాజన్న తండ్రి లింగన్న 19వ శతాబ్ది చివర పుట్టి ఉండొచ్చు. ఒక్క వరుసలో రెండు తరాలు చిక్కుతాయి. ఉర్దూలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి ఊరిపేరును, మనిషిపేరును తొందరపడి చదవకూడదు. ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల) సంవత్సరం కనబడితే దానికి 590 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుంది. గ్రామ రికార్డులకు తహశీల్దారు కార్యాలయం, అంతకు పాత నిజాం కాలపు కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. భూమి లేని కుటుంబాలకు ఈ దారి చాలా ఇరుకు. కూలీలు, చేతివృత్తుల వారి పేర్లు పహాణీలో అరుదు. అక్కడ ముసలివారి మాట, ఆశ్రిత కులాల మాటే మిగిలిన సాక్ష్యం.

ఈ ప్రాంతంలో పాత ఊరి జాడ చెరిగిపోవడానికి పెద్ద కారణం శ్రీరాంసాగర్ ప్రాజెక్టు. పోచంపాడు దగ్గర 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు కింద గోదావరి ఒడ్డు ఊళ్లు మునిగాయి. వాటి జనం చుట్టుపక్కల పునరావాస గ్రామాలకు చేరారు. మగ్గం పట్టుకుని సోలాపూర్, భివండి వెళ్లిన పద్మశాలీలు, గల్ఫ్‌కు వెళ్లిన కూలీలు మరో రకం వలస వారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పేరు చివరికి మారడం, కొన్నిసార్లు తండ్రి పేరే ఇంటిపేరుగా నమోదు కావడం వల్ల తర్వాతి తరానికి అసలు ఇంటిపేరే అనుమానంలో పడుతుంది.

ముసలివారి మాట, ఆశ్రిత కులాల వారి మాట, పహాణీ, ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఇంటిపేరులోని ఊరిని పూర్వీకుల ఊరుగా ఒప్పుకోవాలి. వీటిలో ముందుగా పోయేది మనుషుల జ్ఞాపకమే. పహాణీ నకలు వచ్చే ఏడాది తెచ్చుకున్నా ఫరవాలేదు, ఇంట్లోని పెద్దలు చెప్పే ఊళ్లు, పేర్లు, ఆడపడుచుల అత్తగారిళ్లు మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.