ఖాళీకి కట్టిన ధర: పెద్ద క్యాబినెట్ పుట్టుపూర్వోత్తరాలు

సొంత కంప్యూటర్ల చరిత్రలో మొదట పేరుకెక్కిన ఫొటో ఓ ఖాళీ పెట్టెది. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 ఉంటుంది. ముందు పలక నిండా స్విచ్చులు, బుడ్డి దీపాలు. ఆల్బుకర్కీలోని మిట్స్ కంపెనీ యజమాని ఎడ్ రాబర్ట్స్ పార్సిల్‌లో పంపిన అసలు నమూనా న్యూయార్క్ చేరకుండా దారిలోనే మాయమైంది. అచ్చు గడువు ముంచుకొస్తుంటే లోపల ఏమీ లేని డబ్బా ఒకటి తయారుచేసి ఫొటో తీశారు. ఆ సంచిక చూసి వేలమంది కిట్ కోసం డబ్బు పంపారు.

అమ్మకానికి వచ్చిన ఆల్టెయిర్‌లోనూ చాలా భాగం ఖాళీయే. కిట్‌తో వచ్చే మెమరీ 256 బైట్లు. కీబోర్డు లేదు, తెర లేదు. 100 పిన్నుల సాకెట్లు వరసగా పెట్టుకోవడానికి చోటు మాత్రం ఉంది. మెమరీ కార్డో, టెలిటైపుకి కలిపే కార్డో, ఏది కావాలంటే అది తర్వాత కొని గుచ్చుకోవాలి. చూస్తుండగానే వేరే కంపెనీలు కూడా ఆ సాకెట్‌కి సరిపడే కార్డులు చేసి అమ్మసాగాయి. కొన్నవాడికి రేపు ఏం కావాలో అమ్మినవాడికి తెలియదు, కాబట్టి చోటు వదిలిపెట్టాలి. పెద్ద క్యాబినెట్ వెనక ఉన్న ఆలోచన అంతా అప్పటికే అక్కడ ఉంది.

ఈ చోటు మీదే ఆపిల్‌లో తగువు నడిచింది. ప్రింటర్‌కి ఒకటి, మోడెమ్‌కి ఒకటి, కార్డులు గుచ్చే స్లాట్లు రెండు చాలని స్టీవ్ జాబ్స్. ఎనిమిది ఉండాల్సిందేనని స్టీవ్ వాజ్నియాక్. 1977లో ఆపిల్ టూ ఎనిమిదితోనే వచ్చింది, మూత చేత్తో లాగితే ఊడొచ్చేది. జాబ్స్ తన పంతాన్ని 1984లో మాకింటాష్‌తో నెగ్గించుకున్నాడు: స్లాట్లు సున్నా. 1987లో వచ్చిన మాకింటాష్ టూకి ఆరు స్లాట్లు పెట్టారు. అప్పటికి జాబ్స్ ఆపిల్‌లో లేడు.

ఇవాళ మనం కొనే క్యాబినెట్ వంశం మాత్రం ఐబీఎంది. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి ఐదు స్లాట్లు, 63.5 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటిచ్చే డబ్బా). తెర కార్డు ఒక స్లాటూ ఫ్లాపీ కార్డు ఇంకో స్లాటూ తినేస్తే మిగిలేవి మూడు. హార్డ్ డిస్క్ పెట్టుకుందామంటే ఆ కరెంటు చాలదు. 1983లో వచ్చిన ఎక్స్‌టీలో స్లాట్లు ఎనిమిదయ్యాయి, ఎస్ఎంపీఎస్ 130 వాట్లయింది. పాత పీసీ ఉన్నవాళ్ల కోసం ఐబీఎం 5161 అనే వస్తువు అమ్మింది. అదనపు స్లాట్లు, హార్డ్ డిస్క్, సొంత ఎస్ఎంపీఎస్ ఉన్న రెండో పెట్టె అది. మొదటి పెట్టెలో చోటు చాలకపోతే ఎంత ఖర్చో దాన్ని కొన్నవాళ్లకి తెలిసుంటుంది.

పాత పీసీలో స్లాటుకీ స్లాటుకీ మధ్య దూరం ఒక అంగుళం. ఎనిమిదింటిని ఇరికించడానికి ఎక్స్‌టీలో దాన్ని 0.8 అంగుళానికి, అంటే 20.32 మిల్లీమీటర్లకు తగ్గించారు. ఇప్పటి క్యాబినెట్ వెనక రేకు మీద కొలిచి చూడండి, అదే దూరం. స్లాట్ రకాల్లో ఐఎస్ఏ పోయింది, ఏజీపీ వచ్చి వెళ్లిపోయింది, పీసీఐ పోయి పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఆ కొలత మాత్రం కదల్లేదు. ఐబీఎం చేసిన పీసీని, ఎక్స్‌టీని, 1984 నాటి ఏటీని చూసి ఎందరో నకళ్లు చేశారు. అందరి కార్డులూ అందరి పెట్టెల్లో పట్టాలంటే మొదటివాడి కన్నాల దగ్గరే అందరూ ఆగిపోవాలి. 1987లో పీఎస్/2తో ఐబీఎం సొంత ఇంటినే మార్చబోయింది, మైక్రో చానెల్ అనే కొత్త స్లాట్లు పెట్టింది. మిగతా కంపెనీల్లో చాలామటుకు వాటి జోలికి పోలేదు. ఆ వరసలో మోడల్ 60, మోడల్ 80 నేల మీద నిలువుగా నిలబడేవి. లోకం మైక్రో చానెల్‌ని వదిలేసి ఆ నిలువు రూపాన్ని ఉంచుకుంది. టవర్ అలా స్థిరపడింది.

1995లో ఇంటెల్ ఇచ్చిన ఏటీఎక్స్ అనే అమరిక ఈ కథలో అసలు మలుపు. అంతకు ముందు పొడవాటి కార్డు గుచ్చబోతే ప్రాసెసర్ అడ్డొచ్చేది. ఇంటెల్ అప్పటి బోర్డును అడ్డంగా తిప్పి ప్రాసెసర్‌ని కార్డుల దారి నుంచి పక్కకి జరిపింది. పాత ఏటీలో ముందు బటన్ దాకా నేరుగా మెయిన్స్ తీగ వచ్చేది. బోర్డుకి కరెంటిచ్చే రెండు ప్లగ్గులు తారుమారైతే బోర్డు కాలిపోయేది. నల్ల తీగలు పక్కపక్కన రావాలన్నది అప్పటి మెకానిక్కుల మొదటి పాఠం. ఏటీఎక్స్ ఆ మెయిన్స్ తీగనీ ఆ రెండు ప్లగ్గులనీ తీసేసి, తిరగేసి పెట్టడానికి వీల్లేని ఒకే ప్లగ్గు ఇచ్చింది. బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు. 1990ల చివర కొన్న మంచి ఏటీఎక్స్ క్యాబినెట్‌లో నిన్న విడుదలైన మదర్‌బోర్డు బిగించవచ్చు, స్క్రూలు సరిగ్గా కూర్చుంటాయి. కంప్యూటర్లో ఇంతకాలం చెల్లుబాటయ్యే భాగం మరొకటి నాకు తోచదు.

ఇంత నమ్మకం దొరికాక పెద్ద టవర్ కొనడం మొదలైంది. పై అంతస్తు ఎప్పుడో వేస్తామని స్లాబు మీద ఊచలు వదిలిపెట్టడం లాంటి కొనుగోలు ఇది. 2000ల్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ మరోచోట గానీ సిస్టమ్ అసెంబుల్ చేయించేవాళ్లలో ఎక్కువమంది ఎస్ఎంపీఎస్‌తో కలిపి వచ్చే చవక క్యాబినెట్‌తో సరిపెట్టుకునేవారు. కొద్దిమంది మాత్రం ముందు భాగం పైనుంచి కిందిదాకా 5.25 అంగుళాల అరలున్న ఫుల్ టవర్ చూసి ముచ్చటపడేవారు. ఆ అర కొలత 1976లో షుగార్ట్ కంపెనీ చేసిన ఫ్లాపీ డ్రైవ్‌ది. సీడీ, డీవీడీ, సీడీ రైటర్... రేపు ఇంకేమొస్తాయో, అరలుంటే మంచిదనే లెక్క.

పెద్దగా ఏమీ రాలేదు. డీవీడీ డ్రైవే పోయింది. హార్డ్ డిస్క్ చోట వేలెడంత ఎస్ఎస్‌డీ వచ్చి నేరుగా మదర్‌బోర్డు మీదే పడుకుంది. అరల కోసం పెట్టిన డబ్బంతా రేకుల పాలైంది.

ఇంటెల్ అంచనాలే తప్పిన సందర్భం ఉంది. పెంటియం 4 వేడిని తట్టుకోలేక 2003లో బీటీఎక్స్ అనే కొత్త అమరిక ప్రకటించింది: ముందునుంచి వెనక్కి తిన్నగా గాలి, బోర్డు అటు తిప్పి. రేపటికి సిద్ధం అంటూ రెండు అమరికలూ పట్టే పెద్ద క్యాబినెట్లు వచ్చాయి. 2006లో తక్కువ వేడి పుట్టించే కోర్ 2 రాగానే ఇంటెల్ బీటీఎక్స్‌ని వదిలేసింది. నిజంగా పనికొచ్చిన మార్పు ఆర్భాటం లేకుండా జరిగింది. 2005 నాటి ఆంటెక్ పీ180 లాంటి క్యాబినెట్లు ఎస్ఎంపీఎస్‌ని పైనుంచి కిందికి దించాయి. ఇప్పుడు టవర్లలో దాదాపు అన్నింటిలో అది కిందే.

పెరిగింది ఎవరూ లెక్కలో పెట్టుకోని గ్రాఫిక్స్ కార్డు. 2006లో ఎన్విడియా 8800 జీటీఎక్స్ 27 సెంటీమీటర్ల పొడవుతో వచ్చి చాలా క్యాబినెట్లలో హార్డ్ డిస్కుల గూటికి తగిలింది. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090, ఎన్విడియా సొంతంగా అమ్మినది, 304 మిల్లీమీటర్లు. మూడు స్లాట్ల మందం, 450 వాట్లు. వేరే కంపెనీల కార్డులు 340 దాటాయి. మొదటి ఐబీఎం పీసీ మొత్తానికి సరిపోయిన కరెంటుకి ఏడు రెట్లు ఇప్పుడు ఒక్క కార్డుకి కావాలి.

అందుకే రేపటి కోసం పెద్ద క్యాబినెట్ కొనేవాళ్లు అరలు, గూళ్లు లెక్కపెట్టడం మానేసి, విప్పి పక్కన పెట్టగలిగే గూళ్లున్నాయా అని అడగాలి. 2020లో వచ్చిన ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ 7 ఎక్స్ఎల్ లోపలి గోడని తీసి జరపవచ్చు: కావాలంటే డిస్కుల గది, లేదంటే మొత్తం ఖాళీ. అలాంటి ఖాళీకే ధర ఇవ్వాలి. అట్టపెట్టె మీద రాసే కార్డు పొడవు నీటి కూలర్ రేడియేటర్ లేకుండా రాసింది. ముందు భాగంలో రేడియేటరూ ఫ్యాన్లూ బిగిస్తే అందులో 55 మిల్లీమీటర్ల దాకా పోతుంది. పెద్ద గాలి కూలర్లు 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, పక్క తలుపు దాకా అంత చోటుండాలి. ఈ-ఏటీఎక్స్ అంటే 330 మిల్లీమీటర్ల వెడల్పని ఒప్పందం, కానీ 277 ఉన్న బోర్డునీ అదే పేరుతో అమ్ముతారు. కాబట్టి పేరు కాదు, మిల్లీమీటర్లు చూడాలి. ముందున్న యూఎస్‌బీ పోర్టులు మిగతా రేకు కంటే ముందు ముసలివవుతాయి, వాటిని విడిగా మార్చుకునే వీలుంటే మేలు. మన ఎండలకీ దుమ్ముకీ అద్దం ముఖం కన్నా జల్లెడ ముఖం, లాగి కడుక్కునే ఫిల్టరు నయం. పెట్టె పెద్దదైనంత మాత్రాన చల్లబడదు, గాలికి తిన్నని దారి కావాలి. పరిమాణం మరీ పిచ్చిగానూ ఉండకూడదు: కోర్సెయిర్ 1000డీ ఒట్టి పెట్టే దాదాపు 30 కిలోలు, మేడ మీదికి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

2023 నుంచి ఆసుస్, ఎంఎస్ఐ తీగల ప్లగ్గులన్నీ వీపు వైపుకి మార్చిన మదర్‌బోర్డులు చూపిస్తున్నాయి. వాటికి క్యాబినెట్ పలక మీద కొత్త కంతలు కావాలి, కొన్ని పెద్ద క్యాబినెట్లు ఇప్పటికే అవి పొడిచి వస్తున్నాయి. మామూలు బోర్డు బిగించినా ఆ కంతల వల్ల ఇబ్బంది లేదు. ఉంటే తీసుకుంటాను. వాటి కోసమని రెండు వేలు ఎక్కువ పెట్టమంటే మాత్రం బీటీఎక్స్ గుర్తొస్తుంది, పెట్టను.