ఆస్పత్రి మెట్లు ఎక్కకముందు



పోయిన వారం మనవాళ్ళలో ఒక కుర్ర జంట మా ఇంటికి వచ్చారు. ఎవరని అడగకండి. పెళ్ళయి ఆరేళ్ళు. "పెదనాయనా, ఐవీఎఫ్ మొదలుపెడదామనుకుంటున్నాము. మీరు లెక్కలు రాసిన మనిషి కదా, ఎంత చేతిలో పెట్టుకోవాలి?" అన్నాడు ఆ అబ్బాయి. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. వంటింట్లో మా ఆవిడ పక్కన పోయి నిలబడింది. వాళ్ళకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది అరవ బడిలో, తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఒక రైల్వే మనిషి కథ. లోకంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండులో ఓల్డామ్ అనే ఊళ్ళో పుట్టింది. ఆమె నాన్న జాన్ బ్రౌన్ బ్రిటిష్ రైల్వేలో లారీ తోలేవాడు. ఇది చదివిన రోజు మనవాడే అనిపించింది నాకు. భార్య లెస్లీకి గర్భనాళాలు మూసుకుపోయాయి. తొమ్మిదేళ్ళు చూశారు. వాళ్ళ కాపురం బ్రిస్టల్‌లో, డాక్టర్ స్టెప్టో ఓల్డామ్‌లో. ఫుట్‌బాల్ పందెంలో 800 పౌన్లు తగిలాకే ఆ ఖర్చుకు చేయి ఆడింది. మొదటి బిడ్డ నాటికే డబ్బు సంగతి అలా ఉంది.

లెస్లీ ఇంకొకటి అనుకుంది. ఈ పద్ధతిలో తనకంటే ముందే వందల మంది పిల్లలు పుట్టి ఉంటారని. డాక్టరును అడగలేదు. నిజానికి అప్పటికి ఒక్కరూ పుట్టలేదు. 1969 నుంచి 1978 దాకా స్టెప్టో, ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ అనే ఆమె కలిసి ఓల్డామ్‌లో ఈ పద్ధతికి చేర్చుకున్నది 282 మంది ఆడవాళ్ళను. పుట్టిన బిడ్డలు ఇద్దరు. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది. నేను మాత్రం మిగిలిన 280 మందిని గురించే ఆలోచిస్తాను. వాళ్ళు ఇంటికి పోయి ఎవరితో ఏం చెప్పుకున్నారో.

అదే ఏడు అక్టోబర్ 3న కలకత్తాలో దుర్గ పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ పిండాన్ని ఫ్రీజ్ చేసి దాచి, తరువాత తల్లి గర్భంలో పెట్టాడు. ఆ రోజుల్లో ఎవరూ అలా చేయలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ అంతా అబద్ధమని తేల్చేసింది. జపాన్‌లో సభకు పిలుపు వస్తే పోనివ్వలేదు. కంటి ఆస్పత్రికి బదిలీ చేశారు. మన ఆఫీసుల్లో గిట్టనివాళ్ళను మూల సెక్షన్లో కూర్చోబెట్టేవారు, అలాగే. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నాడు. బిడ్డను తెచ్చి లోకానికి చూపిస్తే సరిపోయేది కదా అంటారేమో. తల్లిదండ్రులు నలుగురి నోటికీ భయపడి తమ పేరు బయటపెట్టవద్దన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. ఆ పిల్ల 25వ ఏట గానీ తానే దుర్గనని బయటికి చెప్పలేదు. 1986 ఆగస్టు 6న బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో డాక్టర్ ఇందిరా హిందూజా చేతుల మీదుగా పుట్టిన బిడ్డనే మన దేశంలో మొదటిదని అనేవారు. ఆ పనిలో ఉన్న ఆనంద్ కుమార్ గారు తరువాత సుభాష్ గారి కాగితాలు చదివి, మొదటివాడు ఆయనేనని 1997లో ఒప్పుకున్నారు. తన పేరు తానే వెనక్కి జరుపుకున్న మనిషి, ఎంత పెద్ద మనసు.

1990లో మద్రాసులో డాక్టర్ కమలా సెల్వరాజ్ ఆస్పత్రిలో ఇటువంటి బిడ్డ పుట్టింది. జెమినీ గణేశన్ గారి అమ్మాయి కాబట్టి అరవ పత్రికలన్నీ రాశాయి. తిరుచ్చి స్టేషనులో టీ తాగుతూ నేనూ చదివాను. మాకు పెళ్ళయి నాలుగేళ్ళు.

ఇక మా సంగతి. ఏ పెళ్ళికి పోయినా "ఏమైనా విశేషమా?" అని మా ఆవిడనే అడిగేవారు, నన్ను ఎవరూ అడగలేదు. పాపనాశం స్టేషనులో దిగి తిరుకరుగావూరు గర్భరక్షాంబిక గుడికి ఎన్నిసార్లు పోయామో. అక్కడ నెయ్యి ప్రసాదం ఇస్తారు. ఆమె పథ్యంగా తినేది, ఉపవాసాలు ఉండేది, రైల్వే ఆస్పత్రిలో ఒక్కో పరీక్షా చేయించుకునేది. నన్నూ పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెబితే నాలుగేళ్ళు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. డ్యూటీ అన్నాను, ఆడిట్ అన్నాను. చివరికి చేయిస్తే లోపం నాదే. ఆ సాయంత్రం ఆమె ఒక్క మాటా అనలేదు. అన్నం వడ్డించింది.

ఒక్క కణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతిలో 1992లో బెల్జియంలో పిల్లలు పుట్టారు. మాలాంటివాళ్ళకు పనికొచ్చేది అదే. అది మాకు అందేసరికి ఆమెకు 39. ఒక్క దఫా ఖర్చు నా ఏడాది జీతం కన్నా ఎక్కువ. పీఎఫ్ అడ్వాన్సు తీశాను, సొసైటీ లోను తీశాను. రెండో దఫాకు ఆమె కాసుల పేరు పోయింది. రెండూ నిలవలేదు. ఎన్ని దఫాలు, ఎక్కడ ఆపాలి అన్నది మేము ముందుగా మాట్లాడుకోలేదు. మూడోదానికి ఇల్లు తాకట్టు పెడదామని నేను లేస్తే, ఆమె "చాలు" అంది. నేను రెండు నెలలు ముఖం తిప్పుకున్నాను. ఆ రెండు నెలలకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ అబ్బాయికి కాగితం మీద వేసి చూపించాను. ఇప్పుడు ఒక్క దఫాకు ఒకటిన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అడుగుతున్నారు. ఫ్రీజ్ చేసి దాచడం, సూదులు, స్కానులు అందులో చేరాయా లేదా అని రాసి ఇమ్మనాలి. ఒక దఫా తోనే అవుతుందని డబ్బు పెట్టుకోరాదు. ఎన్ని దఫాలో ముందే అనుకుని, ఇల్లూ అమ్మానాన్నల మందుల డబ్బూ ముట్టుకోకుండా వేరే తీసిపెట్టాలి. సెలవు పోయే జీతం కూడా లెక్కలో రాయాలి, అది చాలా మంది మరుస్తారు. 2021 చట్టం ప్రకారం ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆడవాళ్ళకు 50, మగవాళ్ళకు 55 ఏళ్ళు దాటితే చేయరు. ఎంత ఖర్చు, ఫలించే అవకాశం ఎంత, ఒంటికి ఏం హాని అన్నది కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత వాళ్ళదే. లెస్లీ అడగని ప్రశ్న మీరు అడగండి. ఎగ్మూరులో 1844 నాటి ప్రభుత్వ కాన్పుల ఆస్పత్రిలోనూ ఇప్పుడు ఈ వైద్యం ఉంది. ప్రైవేటుకు పోయే ముందు అక్కడ ఒకసారి విచారించమన్నాను.

"పరీక్ష నీది అయిందా?" అని ఆఖరున అడిగాను. తల వంచుకున్నాడు. సోమవారం పోతానన్నాడు.

వాళ్ళు వెళ్ళాక లోపల ఏం మాట్లాడుకున్నారని మా ఆవిడను అడిగాను. "ఎవరితో చెప్పాలి, ఎవరితో చెప్పకూడదు అని అడిగింది. ఏడవడానికి ఒక మనిషిని ఎంచుకో, మిగతావాళ్ళకు ఏమీ చెప్పకు అన్నాను" అంది. ఆమె ఎవరిని ఎంచుకుందని అడిగితే నవ్వింది, చెప్పలేదు. సోమవారం పొద్దున ఆ పిల్ల ఫోను వచ్చింది, ఫోను తీసుకుని మా ఆవిడ మిద్దె మీదికి పోయింది.