చూపులేని బాలుడును ఊరిబడియును



చూపులేని పిల్లవానిని ఊరిబడిలో చేర్చుకొనవచ్చునా, చెవులు వినబడని పిల్లను నలుగురితోపాటు కూర్చుండబెట్టవచ్చునా యని రచ్చబండపై ప్రశ్న పుట్టినప్పుడు సాధారణముగా వినవచ్చు సమాధాన మొకటి కలదు. “అట్టివారికి వేరే బడులున్నవి గదా, అక్కడికి పంపుడు” అని. ఈ మాట దయతోనే యనుచుందురు. ఉపాధ్యాయుడనై యుండి నేనును చాలకాల మట్లే యంటిని. ఈ మాటకు వెనుక నున్న చరిత్రను కొంత నేడు మనవి చేసెదను.

మొదట మన యింటి సంగతి. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున దాయభాగమునకు అర్హులు కానివారిని పేర్కొనుచు, పుట్టుకతో చూపులేనివానిని, చెవిటివానిని, మూగవానిని అందు చేర్చిరి. వారికి భాగము లేదు. అయితే యావజ్జీవము అన్నవస్త్రము లియ్యవలెను, ఇయ్యనివాడు పతితుడగును. జ్యేష్ఠుడై పుట్టియు చూపులేమిచే ధృతరాష్ట్రుడు రాజ్యమునకు దూరమైన కథ మీరెరుగనిది కాదు. పంపకములు తీర్చు పెద్దలు మీరు గనుక ఇంకొక మాట చెప్పుచున్నాను: ఈ నిషేధమును చాలవరకు తొలగించుచు చట్టము వచ్చినది 1928వ సంవత్సరమున. అంతవరకు న్యాయస్థానములలో గ్రుడ్డితనము, చెవుడు దాయాదుల చేతి యాయుధములుగనే యుండెను. అన్నము పెట్టుటలో మనవారు లోభులు కారు. భాగ మిచ్చుటకే వెనుదీసిరి. బడియు నొక భాగమే యని మన కప్పటికి తోచలేదు.

ఇట్లన్నంత మాత్రమున చూపులేనివారు మనలో విద్వాంసులు కాలేదని కాదు. వారికి ప్రజ్ఞాచక్షువులని పేరే కలదు. సౌరాష్ట్రమున 1880లో జన్మించిన పండిత సుఖలాల్‌జీ పదునారవ యేట మశూచిచే చూపు కోల్పోయియు కాశికి పోయి శాస్త్రములు చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జైనదర్శనమునకు ఆచార్యుడయ్యెను. మన చదువు గురుముఖమున విని కంఠస్థము చేయు చదువు గనుక చూపులేనివానికి అందొక ద్వారము తెరచియుండెను. ఆ కారణము చేతనే చెవిటివానికి అది పూర్తిగా మూసికొనిపోయెను. వేదమునకు శ్రుతి యని పేరు పెట్టుకొన్న జాతికి వినలేనివాడు విద్యార్థిగా కనబడుట కష్టము. ఈ సంగతి నాకు గ్రంథములలో తెలియలేదు. ఎట్లు తెలిసినదో పిదప చెప్పెదను.

ఇక కథకు వత్తము. ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున కూవ్రే యను పల్లె కలదు. అచ్చట గుఱ్ఱపు జీనులు, పగ్గములు కుట్టి జీవించు ఒక తోలుపనివానికి 1809 జనవరి 4వ తేదీన నాల్గవ సంతానముగా లూయీ బ్రెయిలీ పుట్టెను. మూడేండ్ల ప్రాయమున వాడు తండ్రి పనిపాకలో ఆడుకొనుచు, తోలునకు బెజ్జము చేయు ఆరెతో కంటిలో పొడుచుకొనెను. ఆ గాయము చెడి రెండవ కంటికిని సోకెను. అయిదేండ్లు వచ్చునప్పటికి లోకమంతయు చీకటి. నెపోలియను యుద్ధముల తుదిదినము లవి. పరదేశపు సైనికులు ఆ యూరి యిండ్లలోనే విడిది చేసియుండిరి. అట్టి కాలమున ఒక పేదవాని బిడ్డకు చూపు పోయిన నెవరు పట్టించుకొందురు? తండ్రి పట్టించుకొనెను. చిన్న చేతికఱ్ఱ చెక్కి యిచ్చి, దానితో తట్టుచు వీధులు గుర్తించుట నేర్పెను. చెక్కపై మేకులు దిగగొట్టి అక్షరముల రూపములు తడవి తెలిసికొనునట్లు చేసెనని చెప్పుదురు.

ఊరి మతగురువు ఆ బాలుని చురుకుదనము చూచి కొంత చదువు తానే చెప్పి, పిదప బడిపంతులను ఒప్పించి ఊరిబడిలో చేర్పించెను. ఆ పంతులు ప్రత్యేకమైన శిక్షణ పొందినవాడు కాడు. చూపులేని పిల్లవానికి చదువు చెప్పుమని అతనిని ఆజ్ఞాపించు చట్టమును లేదు. అయినను చేర్చుకొనెను. పొరుగు పిల్లవాడొకడు ప్రతిదినము చేయి పట్టుకొని తీసికొనివచ్చెడివాడట. లూయీ పాఠమును చెవితో పట్టి తరగతిలో ముందు నిలిచెను. కాని తక్కినవారు పుస్తకములు తెరిచి చదువునపుడును, కలములు తీసి వ్రాయునపుడును, వాడు చేతులు ముడుచుకొని యుండవలసి వచ్చెడిది. ఊరిబడి వానికి తోడు నిచ్చినది, ధైర్యము నిచ్చినది, అక్షరము నీయలేకపోయినది.

అందుచేత 1819 ఫిబ్రవరిలో, పదేండ్ల ప్రాయమున, వానిని పారిసులోని అంధబాలుర పాఠశాలకు పంపిరి. అది తేమపట్టిన పాతకట్టడము. అచ్చటి పుస్తకములలో సాధారణాక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తియుండిరి. ఒక్కొక్క పుస్తకము మోయరాని బరువు. ఒక్కొక్క యక్షరము నిలువెల్ల తడిమిన గాని తెలియదు. పైగా వానిని చదువుటయే కాని, పిల్లవాడు తనంతట వ్రాయుటకు వీలులేదు. ఇంతలో షార్ల్ బార్బియే యను సైనికోద్యోగి చుక్కలతో వ్రాయు పద్ధతి నొకదానిని ఆ పాఠశాలకు తెచ్చెను. అందు పండ్రెండు చుక్కలు. ఒక వ్రేలికొన క్రింద ఇమిడెడివి కావు. లూయీ దానిని ఆరు చుక్కలకు కుదించెను. నిలువున మూడేసి, రెండు వరుసలు. ఈ యారు చుక్కలనుండి అరువదిమూడు గుర్తులు పుట్టును. ఇది 1824 నాటికి రూపుదాల్చెను, వానికప్పటికి పదునైదేండ్లు. 1829లో ప్రకటించెను. కాగితముపై చుక్కలు పొడుచు సాధనము తండ్రి యారెకు తోబుట్టువువలె నుండుట చూచినప్పుడెల్ల నా కేదో వలె నుండును.

ఆ లిపిని పెద్దలు వెంటనే మెచ్చిరనుకొనవలదు. కన్నులున్నవారికి చదువరాని లిపి యేల యని కొందరు ఉపాధ్యాయు లడ్డుకొనిరి. కొంతకాలము దానిని నిషేధించిరి. విద్యార్థులు మాత్రము చాటుగా వ్రాసికొనుచునే యుండిరి. బ్రెయిలీ 1852 జనవరి 6వ తేదీన క్షయరోగముతో మరణించెను. ఆ పాఠశాల వాని లిపిని అధికారికముగా స్వీకరించినది 1854లో. నూరేండ్ల పిమ్మట 1952లో అతని యస్థులను పారిసులోని మహాపురుషుల సమాధిమందిరమునకు తీసికొనిపోయిరి. చేతులను మాత్రము కూవ్రే గ్రామస్థులు తమయొద్దనే యుంచుకొనిరి.

మన దేశమున చూపులేనివారికి తొలిబడి 1887లో అమృతసరమున వెలసినది. వినలేనివారికి కలకత్తాలో ఒక బడి 1893లో స్థాపింపబడినది. ఇవన్నియు ప్రత్యేకపు బడులు, పట్టణములకు పరిమితములు. 1964–66 నడుమ పనిచేసిన కొఠారీ విద్యాసంఘము అట్టి బాలబాలికలను వీలైనంతవరకు సామాన్యపు బడులలోనే చదివింపవలెనని చెప్పెను. కేంద్రప్రభుత్వము దానికొక పథకమును 1974లో ప్రారంభించెను. 1995లో చట్టము వచ్చెను, దాని స్థానమున 2016లో మరింత విపులమైన చట్టము వచ్చెను. అందు పేర్కొన్న వైకల్యములు ఇరువదియొకటి. తగినంత వైకల్యము గల ఆరునుండి పదునెనిమిదేండ్ల పిల్లలకు, సమీపపు బడిలోగాని తాము కోరిన ప్రత్యేకపు బడిలోగాని, రుసుము లేని చదువు హక్కుగా నిచ్చిరి. కోరుకొనువారు పిల్లవాని పక్షమువారు. ఊరు కాదు, ప్రధానోపాధ్యాయుడును కాడు. సదరము ధ్రువపత్రము పింఛనుకొరకే యని మన పల్లెలలో భ్రమ కలదు. చదువునందును దాని పని కలదు.

పిదప చెప్పెదనన్న మాట యిదిగో. 1991లో నేను పనిచేసిన ఒక ప్రాథమిక పాఠశాలలో ఒక గొల్లవారి బాలుడుండెను. నల్లబల్లపై నున్నది చూచి వ్రాయుమన్న ముత్యములవలె వ్రాయును. ఉక్తలేఖనమున మాత్రము అన్నియు తప్పులే. వరుసల వెనుక తిరుగుచు పద్యము చెప్పుట నా యలవాటు. వాడు మెడ త్రిప్పి త్రిప్పి నా మొగమువంక చూచెడివాడు. అది యవిధేయత యని బెత్తముతో కొట్టితిని, వెనుక వరుసలో నిలువబెట్టితిని. వాని తల్లి యొకనాడు వచ్చి, “పంతులుగారూ, చిన్నప్పటినుంచీ వాడికి చెవి కారుతుందండీ” అన్నది. “చదువుకు కావలసినది చెవి కాదమ్మా, బుద్ధి” అంటిని. ప్రక్కనున్నవారు నవ్విరి; నా చమత్కారమునకు నేనును మురిసితిని. అయిదవ తరగతి ముగియకుండనే వాడు గొఱ్ఱెల వెంట పోయెను.

పదునైదేండ్ల తరువాత సహిత విద్యపై మాకొక శిక్షణ జరిగెను. వినికిడి తక్కువైన పిల్లవాని నెట్లు గుర్తింపవలెనో ఒక యువతి చెప్పుచున్నది: చూచి వ్రాయుటలో తప్పులుండవు, విని వ్రాయుటలో నుండును, మాటలాడువారి పెదవులవంక చూచును, పిలిచిన పలుకడు, తట్టిన పలుకును. ఆమె నా శిష్యుని చూచి చెప్పుచున్నట్లే యుండెను. దానికి చేయవలసినదన్ననో, మొదట వైద్యునికి చూపుట, ముందు వరుసలో కూర్చుండబెట్టుట, మొగము చూపుచు పాఠము చెప్పుట. నాకు కాసంత వ్యయము లేనిపని. ఆ పండుగకు వాడు పట్టణమునుండి తాపీపని విడిచి యూరికి రాగా వెదకికొని పోయితిని. నేను చెప్పదలచినది చెప్పితిని. ఎంతవరకు వినబడెనో తెలియదు. నవ్వి, తల యూపి, కుర్చీ తెచ్చి వేసెను.

ప్రత్యేకపు బడులు వలదని నే ననుట లేదు. పారిసుకు పోకున్న లూయీకి లిపి దొరకియుండదు. కాని నాడు అక్షరముకొరకు పిల్లవాడు ఊరు విడువవలసి వచ్చినది. నేడు అక్షరమే యూరికి రాగలదు. మన భాషలన్నిటికి ఒకే పొందిక గల భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడినది. పలుమండలములలో భవిత కేంద్రములున్నవి. ప్రత్యేక శిక్షణ గల ఉపాధ్యాయు లచ్చటినుండి బడులకు వచ్చుచుందురు.

మా యూరిబడిలో చూపులేని బాలిక యొకతె గతసంవత్సరము రెండవ తరగతిలో చేరినది. చేరునపుడు ఆక్షేపించిన పెద్దలు కలరు. వారి పేర్లు చెప్పను, వారును ఇది విందురు. నేను అప్పుడప్పుడు పోయి ఆ పిల్ల ప్రక్కన కూర్చుందును. బ్రెయిలీ పలకపై కుడినుండి యెడమకు పొడుచుచు వ్రాయును. కాగితము త్రిప్పి యెడమనుండి కుడికి తడవి చదువును. అకారమునకు పైన ఒక్కటే చుక్క. కకారమునకు అదే చుక్క, దాని వరుసలోనే అడుగున మరియొకటి. మొన్న నా వ్రేలిని పట్టుకొని ఒక యక్షరముపై నుంచి చెప్పుమన్నది. తడిమి తడిమి “క” యంటిని.

“కాదు తాతయ్యా, అది ల. మధ్యలో ఇంకో చుక్కుంది, మళ్ళీ చూడు” అన్నది.